కూరగాయల తోటకు మన గడువు ఏది?

శీతల దేశములవారు కూరగాయల తోటను గూర్చి వ్రాసిన పుస్తకము దేనిని తెరచినను మొదటి పుటలలోనే ఒక ప్రశ్న కానవచ్చును: "మీ యూర చివరి గడ్డమంచు ఏ దినమున పడును?" అని. గడ్డమంచనగా మన మెరిగిన పొగమంచు కాదు. ఆకాశము నిర్మలముగను, గాలి నిశ్చలముగను ఉన్న రాత్రులయందు నేలయు, ఆకులును తమ వేడిమిని పైకి విడిచివేయును. ఆకుపై వేడిమి సున్న డిగ్రీలకు దిగెనేని గాలిలోని తేమ దానిపై తెల్లని పలుకులుగా పేరుకొనును. ఆకులోపలి నీరు సైతము గడ్డకట్టి మొక్క కణములను చీల్చును. తెల్లవారి ఎండ తగులగానే టమాటా, బీర, చిక్కుడు వంటి మెత్తని మొక్కలు ఉడికినట్లు నల్లబడి వాలిపోవును.

కావున ఇంగ్లండు, కెనడా మొదలగు దేశముల తోటవారు వసంతమున పడు చివరి గడ్డమంచును, శరత్తున పడు మొదటి గడ్డమంచును రెండు గట్లుగా నేర్పరచుకొని, వాని నడుమనే తమ తోటను నడుపుకొందురు. చివరి గడ్డమంచునకు ఆరు లేక ఎనిమిది వారములు ముందుగా టమాటా గింజలను ఇంటిలోపల తొట్లలో చల్లుదురు. మంచు గడచిన పిమ్మట నారును బయట నాటుదురు. అచట ఇది మిక్కిలి తెలివిగల పద్ధతి.

ఈ లెక్కలే నేడు దిగుమతి విత్తనపు పొట్లములమీదను, చేతిఫోనులలో కానవచ్చు తోటపని పాఠములలోను మన పల్లెలకును వచ్చుచున్నవి. చదువుకొన్న యువకర్షకులు కొందరు, "అయ్యా, మన కొత్తగూడెమునకు గడ్డమంచు తేదీ యేది?" అని మమ్ము నడుగుచున్నారు. మరికొందరు, "మనకు గడ్డమంచే లేదు గదా, కావున మనకు గడువును లేదు, ఏ నెలలో విత్తినను పండును" అని సమాధానపడుచున్నారు. మొదటివారి ప్రశ్న మంచిదే. రెండవవారి సమాధానము మాత్రము నష్టకరమైనది. మనకును గడువు కలదు. అది చలి పెట్టు గడువు కాదు, ఎండ పెట్టు గడువు. దానిని గుర్తింపకపోవుట వలననే మన ప్రాంతపు పెరటి తోటలు సగము ఫలమైనను ఈయక మాడిపోవుచున్నవని మేము తలంచుచున్నాము.

ముందు చలిమాట చూతము. కొత్తగూడెము సముద్రమట్టమునకు సుమారు 90 మీటర్ల ఎత్తున మాత్రమే యున్నది. పుష్యమాసపు రాత్రులయందు ఇచట వేడిమి సాధారణముగా 12 మొదలు 15 డిగ్రీల వరకు ఉండును. ఉత్తరపు గాలి విసరిన కొలది రాత్రులలో 10 డిగ్రీల దరికి దిగును. మొక్కలను చంపు గడ్డమంచునకు ఇది చాలదు. తెలుగునాట గడ్డమంచు మాట వినవలెనన్న చింతపల్లి మన్యములోని లంబసింగికి పోవలయును. ఆ గ్రామము సుమారు వేయి మీటర్ల ఎత్తుననున్నది. ఎత్తునకు పోయినకొలది కిలోమీటరునకు ఇంచుమించు ఆరు, ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడును. దీనికి తోడు కొండవాలులనుండి జారిన చల్లగాలి పల్లములలో చేరి నిలుచును. అందుచేత అచట కొన్ని శీతకాలపు రాత్రులలో వేడిమి సున్నకు దరిదాపులకు వచ్చును. ఆ సీమవారు చలిని లెక్కించుట న్యాయము. మనము లెక్కింపవలసినది వేరు.

టమాటానే తీసికొందము. ఈ మొక్క చలికి చచ్చునను మాట అందరికిని తెలియును. వేడికి గొడ్డువోవుననుమాట కొందరికే తెలియును. పూవు పిందె కట్టవలెనన్న రాత్రి వేడిమి 15 మొదలు 20 డిగ్రీల నడుమ నుండుట మేలని అమెరికాలో ఫ్రిట్స్ వెంట్ అను శాస్త్రజ్ఞుడు 1944లోనే ప్రకటించెను. రాత్రివేడి 22, 23 డిగ్రీలు మించి, పగటివేడి 35 డిగ్రీలు దాటినచో పుప్పొడి శక్తిహీనమగును. మొక్క పచ్చగానే యుండును, పూయుచునే యుండును. కాని పూత కాడతో సహా రాలిపోవును. రైతు దానిని తెగులని భ్రమించి మందు కొనును. మందు వలన ఎండ తగ్గునా?

మన ప్రాంతమున మార్చి నెల నడుమనుండి దినములును రాత్రులును ఈ హద్దును దాటుట సాధారణము. మే నెలలో 45 డిగ్రీలు మించు దినములును మన మెరుగుదుము. రోహిణీకార్తెలో రోళ్ళు పగులునను సామెత మనవారు ఊరక చెప్పినది కాదు. అదే సమయమున తెలంగాణ బజారులకు వచ్చు టమాటాలలో పెక్కు మదనపల్లె ప్రాంతమునుండి వచ్చును. అది సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. అనగా అచటి రాత్రులు మనకన్న నాలుగు డిగ్రీలపాటి చల్లన. వారి వేసవి పంట వారి నేల ఎత్తు ఇచ్చిన వరము. దానిని చూచి మనము వేసవికి టమాటా నాటుట పొరపాటు.

కావున మన తోటకు గడువు మార్చి 15 అని పెట్టుకొందము. శీతదేశపు తోటవాడు గడ్డమంచు తేదీనుండి ముందునకు లెక్కించును. మనము ఎండ తేదీనుండి వెనుకకు లెక్కింపవలయును. టమాటా నారు ఎదుగుటకు 25 మొదలు 30 దినములు పట్టును. నాటిన తరువాత పూతకు ఒక నెల. పూవు పండగుటకు మరి నలుబది, నలుబదియైదు దినములు. పుబ్బకార్తెలో, అనగా సెప్టెంబరు మొదటి వారమున, గింజ చల్లినవాడు ఆ నెల చివరను, లేక అక్టోబరు తొలిదినములలో నాటును. నవంబరు మొదట పూత చూచును. డిసెంబరు నడుమనుండి కాయ కోయును. అతని మొక్క కాచు దినములన్నియు చల్లని దినములే. దీపావళి గడచి, నవంబరు 10 ప్రాంతమున గింజ చల్లినవానికి నాటు డిసెంబరు రెండవ వారము, పూత జనవరి రెండవ వారము, మొదటి కోత ఫిబ్రవరి చివర. మార్చి నడుమకు వచ్చుసరికి పిందె ఆగిపోవును. అతనికి పిందె కట్టు కాలము రెండు నెలలు మాత్రమే దక్కెను. ఉన్న కాయలు ఎండదెబ్బ తిని తెల్లమచ్చలు పడును; వేడితో పాటు తెల్లదోమ పెరిగి ఆకుముడుతను తెచ్చును; బావి అడుగంటును. ఇద్దరును కొన్న గింజ యొకటే, వేసిన యెరువు నొకటే. తేడా పది వారములు.

ఇప్పుడు మనము నిర్మొగమాటముగా చెప్పుకొనవలసిన మాట యొకటి కలదు. ఈ పది వారములను పెక్కుచోట్ల పోగొట్టుచున్నది రైతు సోమరితనము కాదు. మన సహకార సంఘములకు వానకాలమున వరి, ప్రత్తి, మిరప ముఖ్యములు. ఎరువుల పంపకము ముఖ్యము. కూరగాయ గింజలమాట ఆ తొందర తీరిన పిమ్మటగాని తలపునకు రాదు. కోరికపట్టీ దసరాకు వ్రాయబడి, గింజ దీపావళి వెళ్ళిన తరువాత చేరునెడల, అట్టి గింజను సభ్యునకు తక్కువ ధరకు ఇచ్చినను అది ఉపకారము కాదు. అదను తప్పిన విత్తనము ఉచితముగా ఇచ్చినను ఖరీదైనదే. పుబ్బకార్తె ప్రవేశించునాటికి, అనగా ఆగష్టు 30 నాటికి, కూరగాయ గింజ సంఘపు గిడ్డంగిలో ఉండవలయును. అందులకు కోరికపట్టీ జూన్ నెలలోనే పోవలయును. ఇదియే మా ముఖ్యమైన మనవి.

దీనికి సభ్యులు చెప్పు ఆక్షేపణలను మే మెరుగుదుము. భాద్రపదములో వానలు ముమ్మరముగా నుండును, నారు కుళ్ళిపోవునని మొదటి ఆక్షేపణ. ఇది నిజమైన కష్టమే. అయినను దీనికి ఉపాయము కలదు. నారుమడిని నేలమట్టమున పోయక, జానెడు ఎత్తున, మూడడుగుల వెడల్పున ఎత్తుమడి కట్టవలయును. మాగిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా పొడి కలిపి మడిలో చల్లవలయును. గింజను వెదజల్లక వేలెడు దూరపు వరుసలలో పలుచగా పోయవలయును. నారుకుళ్ళు తెగులు గుబురుగా మొలచిన మడినే మొదట పట్టును. పైన వెదురుతడికయో, టేకాకు కప్పిన పందిరియో వేసి పెద్దవానకు కప్పి, తెరపి రాగానే తీసివేయవలయును. అడవి అంచున నున్న మనకు వెదురునకును ఆకునకును కొదువ లేదు.

ఆ దినములలో కలుపుతీతకే కూలీలు దొరకరు, తోటపని యెవరు చేయుదురని రెండవ ఆక్షేపణ. ఒక గుంట పెరటికి కావలసిన నారుమడి రెండు మంచముల వైశాల్యము మించదు. దానికి కూలి యక్కరలేదు. ఇంటివారు ఉదయమొక గడియ చూచుకొన్న చాలును. నీడవలలు వేసి వేసవిలోను టమాటా పండించువారు లేరా యని మూడవ ఆక్షేపణ. ఉన్నారు. పెట్టుబడి పెట్టగలవారు, నీరు నమ్మకముగా గలవారు అట్లు చేయుట మంచిదే. కాని నీడవల ఎండను ఆపునుగాని రాత్రివేడిని చాలినంత తగ్గింపజాలదు. చిన్న పెరడు గలవానికి కాలమే అన్నిటికన్న చౌకయైన పందిరి.

టమాటాకు చెప్పినదే కాలీఫ్లవరునకు మరింత కచ్చితముగా చెల్లును. ఈ మొక్క 1822లో ఇంగ్లండునుండి సహరాన్‌పురపు తోటకు వచ్చినదని చెప్పుదురు. వచ్చినప్పుడు అది చలిమొక్క. ఉత్తరదేశపు తోటవారు ఇచటి వేడికి నిలిచి పువ్వు కట్టిన మొక్కలనుండియే గింజ తీసి తీసి, తరములు గడచిన పిమ్మట మన దేశపు రకములను తయారుచేసిరి. అందుచే నేడు రెండు జాతులు కలవు. పూసా దీపాలి వంటి తొలి రకములు 20 మొదలు 27 డిగ్రీలలోనే పువ్వు కట్టును; స్నోబాల్ అను కడపటి రకములకు 10 మొదలు 16 డిగ్రీల చలి కావలయును. మన కొత్తగూడెమున పగళ్ళు పుష్యమాసమందును 28, 29 డిగ్రీలుండును. కావున స్నోబాల్ ఇచట ఆకులు పెంచునుగాని మంచి పువ్వు కట్టుట అరుదు. తొలి రకమునైనను కాలము తప్పించి చలిలో నాటినచో మొక్క పెరుగకముందే బొత్తామువంటి చిరుపువ్వు వేసి నిలిచిపోవును. సంఘము గింజ తెప్పించునప్పుడు "కాలీఫ్లవరు" అని మాత్రము వ్రాసిన చాలదు. రకమును, అది విత్తు నెలను కూడ వ్రాయవలయును.

ఇక మొత్తము తోటమాట. మన సంవత్సరమునకు మూడు ద్వారములు కలవు. మొదటిది మృగశిరకార్తె, జూన్ 8 ప్రాంతము. తొలకరి పదునైన వెంటనే బెండ, గోంగూర, వంగ, బీర, కాకర వేయవచ్చును. పందిరి చిక్కుడును ఇప్పుడే పెట్టవలయును. నాటు చిక్కుడు పగలు కురచయైనగాని పూయదు. కావున ఆలస్యముగా పెట్టిన తీగ పెరుగుటకు వ్యవధి లేక చిన్నదిగా నుండగనే పూతకు వచ్చును. రెండవది పుబ్బ, ఉత్తర కార్తెలు, ఆగష్టు చివరనుండి సెప్టెంబరు 26 వరకు. ఇది టమాటాకు, క్యాబేజీకి, నడిమి రకపు కాలీఫ్లవరునకు నారుపోయు కాలము. ముల్లంగి, కొత్తిమీర, పాలకూర వానలు వెనుదీసిన పిదప అక్టోబరునుండి విడతలు విడతలుగా వేసికొనవచ్చును. మూడవది సంక్రాంతి దాటిన రెండు వారములు. దోస, సొర, బీర, పొట్ల అప్పుడు పెట్టి, ఎండలు ముదురకముందే కాపునకు తేవలయును.

ఈ మూడవ ద్వారమున మాత్రము చలి కొంత అడ్డుపడును. నేల 18 డిగ్రీలకు లోపుగా నున్నప్పుడు తీగజాతి గింజలు మొలవక మురిగిపోవును. కావున డిసెంబరు చివర తొందరపడి పెట్టరాదు. పెట్టునప్పుడు గింజలను రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, వెచ్చని గడ్డివాములోనో, ఎరువుకుప్ప అంచుననో రెండు మూడు దినములుంచి, మొలక ముక్కు కనబడగానే పాదులో పెట్టవలయును. మరియొక సంగతి. లంబసింగి పల్లములో నిలుచు చల్లగాలి వంటిదే మన వాగుల ఒడ్డునను కొద్దిపాటిగా నిలుచును. కిన్నెరసాని ఒడ్డు పల్లెలలో దిగువ పెరడునకును మెరక పెరడునకును రాత్రివేడిలో తేడా చేతికే తెలియును. దిగువన మంచు ఎక్కువ, ఆకులపై బూడిద తెగులును ఎక్కువ. సంక్రాంతి పాదులను మెరకన పెట్టుడు. టమాటాను, ఆకుకూరలను దిగువన ఉంచుడు. ఒకే తోటలో చల్లనిచోటు, వెచ్చనిచోటు తెలిసికొన్నవాడు రెండు సీమలలో పొలమున్నవానితో సమానుడు.

మేము పండుగలను విడిచి కార్తెలతో చెప్పుటకు కారణము కలదు. వినాయక చవితికి నారుపోయుమని చెప్పుట సులువే. కాని 2023లో అధిక శ్రావణము వచ్చినందున చవితి సెప్టెంబరు 18న వచ్చెను. 2025లో ఆగష్టు 27ననే వచ్చెను. మూడు వారముల తేడా! పండుగ చంద్రుని ననుసరించును, కార్తె సూర్యుని ననుసరించును. పైరును సూర్యునే అనుసరించును. మన పెద్దలు సేద్యమునకు కార్తెలను పట్టుకొనుట ఇందుచేతనే. అయినను కార్తెలును శాశ్వత శాసనములు కావు. ఋతువులతో పోల్చినప్పుడు అవి సుమారు 72 ఏండ్ల కొక దినము చొప్పున వెనుకబడుచున్నవి. అంతకన్న ముఖ్యము, 1901 మొదలు 2018 వరకు మన దేశపు సగటు వేడిమి సుమారు 0.7 డిగ్రీలు పెరిగినదని 2020లో భారత ప్రభుత్వపు నివేదిక తెలిపినది. తాతలనాటి ఎండ గడువు నేడు కొంత ముందునకు జరిగియుండవచ్చును. దానిని కొలిచి చూడవలయునుగాని ఊహింపరాదు.

ఇచటనే శీతదేశపు తోటవారినుండి మనము నేర్వదగిన మంచి కలదు. వారి గడ్డమంచు తేదీ ఆకాశవాణి చెప్పినది కాదు. ఏండ్ల తరబడి ఊరూర వ్రాసిపెట్టిన పట్టికలనుండి తీసిన సరాసరి. సరాసరి గనుక కొన్ని ఏండ్లలో అది తప్పునని వారికి తెలియును. అందుచే జాగరూకులు మరి రెండు వారములు ఆగుదురు. మనము వారి తేదీని తెచ్చుకొనరాదు, వారి అలవాటును తెచ్చుకొనవలయును. ప్రతి సంఘ కార్యాలయమున నీడపట్టున ఒక థర్మామీటరు వ్రేలాడదీసి, దినమునకు హెచ్చు తగ్గు వేడిమిని ఒక పుస్తకములో వ్రాయుట యే గుమాస్తాకును భారము కాదు. మండలములలోని ప్రభుత్వపు స్వయంచాలక వాతావరణ కేంద్రముల అంకెలతో దానిని సరిచూచుకొనవచ్చును. సందేహము వచ్చినచో కొత్తగూడెపు కృషి విజ్ఞాన కేంద్రమువారిని అడుగవచ్చును. పది ఏండ్లు వ్రాసినచో మార్చి 15 అని మేము నేడు చెప్పిన గడువు మీ యూరికి మార్చి 5 యో, 20 యో మీరే చెప్పగలరు. అప్పుడు మా మాటతో మీకు పనియుండదు; అది మాకు సంతోషమే.

ఇదంతయు ఒక గుంట పెరటికొరకేనా యని కొందరు నవ్వవచ్చును. సింగరేణి ప్రధాన కార్యాలయమును, పాల్వంచ విద్యుత్కేంద్రమును గల ఈ ప్రాంతమున నెలజీతముల కుటుంబములు వేలకొలది కలవు. వారి వంటకు కావలసిన కూర దూరపు సీమలనుండి లారీలలో వచ్చుచున్నది. మన అడవి అంచు పల్లెలవారు సైతము వారపు సంతలో దానినే కొనుచున్నారు. ప్రత్తి అమ్మిన డబ్బుతో టమాటా కొను రైతునకు ప్రత్తిధర పెరిగినను లాభము మిగులదు. తన పిల్లల పళ్ళెములో తన పెరటి కూర ఆరు నెలలైనను పడినచో ఆ యింటికి అది నికరమైన రాబడి.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున మూడు తీర్మానములు చేయుదురని కోరుచున్నాము: కూరగాయ గింజల కోరికపట్టీ జూన్‌లోనే, రకముల పేర్లతో సహా పోవలయును; గింజ పుబ్బకార్తెకు ముందే సభ్యుల చేతికి రావలయును; సంఘ కార్యాలయమున వేడిమి పుస్తకమొకటి ఈ సంవత్సరమే మొదలు కావలయును. అదనెరిగి సేద్యము, పదునెరిగి పైరు అని మనవారి మాట. పదును చూచుకొనుట రైతుకు చేతనగును. అదనునకు గింజ నందించుట మాత్రము సంఘపు బాధ్యత.